మెడకూ మేడకూ మధ్య

"నానమ్మా, మేడ నొప్పి" అని మా ఐదేళ్ల పాప ఘజియాబాద్ నుంచి ఫోన్లో చెబితే, తెనాలిలో మా అమ్మ కంగారు పడింది. మేడ మీద నుంచి పడిందేమోనని. నొప్పి మెడలో.

తప్పు పాపది కాదు. హిందీ వర్ణమాలలో ఎ, ఒ అనే హ్రస్వాలకు విడిగా అక్షరాల్లేవు. బడిలో అలవాటైన చెవికి ఎ, ఏ ఒకటే. అమ్మకు తెలుగు తప్ప మరో భాష రాదు. వాళ్ల సంభాషణ అప్పటికే "ఊ", "ఆ"లకు కుదించుకుపోయింది.

మాతృభాషలో బోధన గురించి 2020 జాతీయ విద్యా విధానం ఏం చెప్పిందో వార్తల్లో రాసింది నేనే. దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ 1948లో స్థాపించిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడులు ఢిల్లీలో ఉన్నాయి గానీ, మాకు దూరం. కాబట్టి రాత్రి భోజనాలయ్యాక పళ్లెంలో బియ్యం పోసి కూర్చున్నాం. అ, ఆ అంటూ వరుసగా మొదలుపెట్టి వారంలోనే ఓడిపోయాను. 'ఋ' దగ్గర ఇద్దరికీ నిద్రొచ్చింది.

వరుస వదిలేసి జంటలు పట్టుకున్నాం. మెడ, మేడ. కొన, కోన. ముందు పలకాలి, చేత్తో సాగదీసి చూపాలి, ఆ తర్వాతే బియ్యంలో వేలు. ఎత్వానికీ ఏత్వానికీ తేడా తలమీద చిన్న వంపేనని పాపే కనిపెట్టింది. తెలుగులో అక్షరం పేరే దాని శబ్దం కావడం మా అదృష్టం. 'డబ్ల్యూ'లో 'వ' ఎక్కడుందో నేటికీ చెప్పలేకపోతున్నాను.

నెల తిరిగేసరికి మెడ కుదిరింది. 'ళ' మిగిలింది. నిన్న ఫోన్లో పాప "నానమ్మా, కల్లు మండుతున్నాయి" అంది. అమ్మ చాలాసేపు నవ్వింది.