రెండు చక్రాల వాటా

పద్యంలో యతి ఎక్కడ తప్పిందో చెప్పమంటే చెప్పగలను గాని, బండి చక్రం ఎందుకు జారిందో చెప్పమంటే మొన్నమొన్నటి దాకా నోరు మెదపలేని వాణ్ణి. అటువంటి నేను మోటారు కారు వెనుక ఇరుసులోని ఒక యంత్రభాగాన్ని గురించి వ్రాయబూనడం చూసి విద్యార్థులు నవ్వుకోవచ్చు. కళాశాల సంఘపు పెద్దలు ఆశ్చర్యపడవచ్చు. అయితే ఈ విషయాన్ని నేను వెదకలేదు, అదే నన్ను వెదుక్కుంటూ వచ్చింది. దాని వెంట ఒక తండ్రికీ కొడుక్కూ మధ్య చాలాకాలంగా ఆగిపోయిన మాట కూడా వచ్చింది. కనుక వ్రాయక తప్పింది కాదు.

మా మామూ మార్కాపురంలో జీపుల మెకానిక్కు. తర్లుపాడు వెళ్ళే దారిలో ఆయనకొక రేకుల కొట్టు ఉంది. పలకల గనులలో తిరిగే జీపులు, రాయి మోసే లారీలు, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాటు ఎక్కే బాడుగ బండ్లు, గిద్దలూరు దాటి నల్లమల కనుమలలో నంద్యాల వైపు పోయి వచ్చే వాహనాలు నలభై ఏండ్లుగా ఆయన చేతి కింద బాగుపడుతున్నాయి. మా ఇండ్లలో ఉర్దూ, కొట్టులో తెలుగు. రెంటిలోను ఆయన చదువు అంతంత మాత్రమే. ఆయన ఒక్కగానొక్క కొడుకు మాత్రం ఇంజనీరింగు పూర్తి చేసి, పై చదువుకు అమెరికా వెళ్ళి, పెన్సిల్వేనియాలో ఉద్యోగంలో కుదురుకున్నాడు. ఆ చదువు కోసం కొట్టు ఉన్న స్థలాన్ని తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు.

నిరుడు నవంబరులో ఒక రాత్రి ఆ అబ్బాయి నాకు ఫోను చేశాడు.

“అన్నా, ఒక సంగతి అడగాలి. నాన్నకు చెప్పొద్దు.”

సంగతి ఇది. అతడు 1990 నాటి మజ్దా మియాటా అనే పాత స్పోర్ట్సు కారు కొన్నాడు. రెండే సీట్లు, మడిచే గుడ్డ కప్పు, వెనుక చక్రాలకు నడక. ఆదివారాలలో విశాలమైన ఖాళీ స్థలంలో శంకువులు నిలబెట్టి, వాటి మధ్య కార్లు నడిపే పోటీలకు పోతున్నాడు. మలుపులో నుంచి వేగం అందుకొనేటప్పుడు లోపలి వెనుక చక్రం ఊరకే గిరగిర తిరిగిపోతున్నదట. అది ఒక బాధ. మరొకటి, క్రిందటి వారం వానలో ఆఫీసు నుంచి వస్తుండగా మలుపులో కారు తోక జారి, సగం చుట్టు తిరిగి, కాలిబాట అంచుకు ఆనుకొని నిలిచింది. ఎదురుగా వాహనం లేదు గనుక సరిపోయింది. స్నేహితులంతా ఒకే మందు చెప్పారట: లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేయించుకోమని. అందులో నాలుగు రకాలున్నాయి. ఏది ఎంచుకోవాలో తేలడం లేదు.

“నువ్వు మాటల మనిషివి గదా, నాన్నను తెలుగులో అడిగి తెలుసుకో. బండి ఎవరిదంటే మీ లెక్చరర్లలో ఒకరిదని చెప్పు” అన్నాడు.

అప్పు తీరకుండా సరదా కారు కొన్నానని తండ్రితో చెప్పే ధైర్యం అతనికి లేదు. అంతకుమించి ఇంకొక సంగతి ఉంది. ఇన్నేళ్ళలో తండ్రిని అతడు ఒక్క యంత్రపు ప్రశ్నయినా అడిగి ఎరుగడు. నాన్నకు తెలిసినది పాత జీపులు, తనకు తెలిసినది శాస్త్రం అనే భావం అతనిలో ఉండేది. దాపరికమెందుకు, నాలోనూ ఉండేది.

మర్నాడు సాయంత్రం కొట్టుకు వెళ్ళి, నేర్చిన పాఠం అప్పజెప్పాను. ‘లిమిటెడ్ స్లిప్’ అనే మాటకు తెలుగు చేయాలన్న ఉబలాటంతో “మితమైన జారుడు” అన్నాను. మామూ పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటూ నవ్వాడు.

“ఏంరా పంతులూ, మీ తెలుగు లెక్చరర్లలో రెండు సీట్ల కారున్న వాడెవడు? సరే, వాడికి ఫోను కలుపు.”

కలపక గత్యంతరం లేకపోయింది. తెరమీద కొడుకు ముఖం కనిపించింది. అప్పు మాట వస్తుందని ఇద్దరం బిగుసుకుని ఉన్నాం. మామూ అడిగిన మొదటి ప్రశ్న ఇది:

“టైర్లు నాలుగూ ఒక్క జాతివేనా?”

ముందు రెండూ కొత్తవి. వెనుక రెండూ కారుతో వచ్చినవి, ఎన్నేళ్ళవో తెలియదు. “పక్కన వారం, సంవత్సరం అచ్చువేసి ఉంటుంది, చూసిరా” అన్నాడు మామూ. అబ్బాయి టార్చి తీసుకుని పోయి చూసి వచ్చాడు. తొమ్మిదేళ్ళ నాటి టైర్లు. గీతలు కనిపిస్తూనే ఉన్నా రబ్బరు గట్టిపడిపోయింది.

“వానలో నిన్ను తిప్పింది డిఫరెన్సు కాదు, ఆ టైర్లు. ఆ రెంటినీ పెట్టుకొని నువ్వు చెప్పే సామాను వేయించి ఉంటే ఇంకా ముందే తిరిగేవాడివి.”

నాకు అర్థం కాలేదు. అప్పుడు మామూ బల్ల కిందినుంచి ఒక పాత జీపు డిఫరెన్షియల్ తీసి ముందుపెట్టాడు. (మా ప్రాంతపు మెకానిక్కులకు అది ‘డిఫరెన్సు’. ఉర్దూలోనూ అదే, తెలుగులోనూ అదే.) ఆ సాయంత్రం నేను నేర్చుకున్న పాఠాన్ని నా మాటలలో చెబుతాను.

ఎడ్లబండి ఇరుసుకు రెండు చక్రాలు దేనికది విడిగా తిరుగుతాయి. లాగేది ఎద్దులు గనుక మలుపులో ఏ చక్రం ఎంత తిరిగినా ఇబ్బంది లేదు. మోటారు బండిలో అలా కాదు, చక్రాలనే ఇంజను తిప్పాలి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం నడుస్తుంది. రెండు చక్రాల నడుమ 1.4 మీటర్లున్న కారు ఒక పూర్తి చుట్టు తిరిగితే, బయటి చక్రం లోపలిదానికంటె సుమారు 8.8 మీటర్లు ఎక్కువ పోవాలి. వృత్తం చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే ఈ తేడా ఎక్కడో ఒకచోట రాచుకోవలసిందే. ఈ చిక్కును విడదీసే పళ్ళచక్రాల ఏర్పాటుకు ఫ్రాన్సు దేశపు యంత్రశిల్పి ఒనెసిఫోర్ పెక్యూర్ 1820వ దశకం చివర, ఆవిరి బండి కోసం పేటెంటు పొందాడు. మామూ క్రౌన్ వీలును కదలకుండా పట్టుకొని ఒక వైపు పళ్ళచక్రాన్ని తిప్పాడు. లోపలి స్టార్ పినియన్లు దొర్లి, రెండవ వైపుది ఎదురు తిరిగింది. ఒకటి తగ్గితే మరొకటి అంతే హెచ్చుతుందన్న మాట.

ఇందులో ఒక లోపం ఉంది. ఈ యంత్రం తిరిగే వేగంలో తేడాను ఒప్పుకుంటుంది గాని, తోసే బలంలో ఒప్పుకోదు. రెండు చక్రాలకూ సమానంగానే పంచుతుంది. ఒక చక్రం బురదలో ఉండి 20 పాళ్ళ బలానికే జారిపోతే, గట్టినేల మీద ఉండి 100 పాళ్ళు భరించగల రెండవ చక్రానికి కూడా 20 పాళ్ళే అందుతాయి. మొత్తం 40. పలకల గనుల దారుల్లో రాతి చెక్కు మీద పడిన చక్రం సుడి తిరుగుతుంటే, పక్కచక్రం కదలకుండా నిలిచి ఉండడం మామూ వందలసార్లు చూశాడు. అటువంటప్పుడు బ్రేకు మీద మెల్లగా కాలు ఆనించి యాక్సిలరేటరు తొక్కుతారట. జారే చక్రానికి బ్రేకు భారం తోడవుతుంది, ఆ మేరకు రెండవ చక్రానికి బలం హెచ్చుతుంది. ట్రాక్టరుకైతే లాకు పెడలే ఉంటుంది.

పందెపు కార్లకూ ఇదే చిక్కు వచ్చింది. 1930వ దశకంలో జర్మనీలో ఆటో యూనియన్ వారికి పెద్ద ఇంజను గల పందెపు కారును రూపొందించిన ఫెర్డినాండ్ పోర్షే, వెనుక చక్రాలలో ఒకటి ఊరక తిరిగిపోవడం చూసి, జారుడును అదుపుచేసే డిఫరెన్షియల్ తయారు చేయమని జెడ్.ఎఫ్. సంస్థను కోరాడు. తరువాతివన్నీ ఆ దారిలో నడిచినవే.

ఇక అబ్బాయి ముందున్న నాలుగు రకాలు. మొదటిది చవక: స్టార్ పినియన్లకు వెల్డింగు పెట్టి, రెండు చక్రాలనూ ఒకటి చేయడం. మామూ చేయి అడ్డంగా ఊపాడు. “పడుచుతనంలో ఒక క్వారీ జీపుకు నా చేతులతోనే పెట్టాను. గుంతలో నుంచి ఏనుగులా ఎక్కింది. నెల తిరగకముందే తారురోడ్డు మలుపులో యాక్సిల్ రాడ్డు తెగింది. ఆ తప్పు నాది.” రెండవది సిలికాన్ ద్రవంలో పలుచని రేకులు తిరిగే రకం. రెండు చక్రాల వేగాలలో తేడా వచ్చిన తరువాతనే అది పట్టుకుంటుంది. ఆ కారు పుట్టిన రోజులలో కంపెనీయే ఐచ్ఛికంగా ఇచ్చిన సామాను. ఇప్పుడు దొరికేది ముప్పై ఏండ్లు నలిగిన ద్రవమే. మూడవది క్లచ్చి పళ్ళేల రకం, పందెగాళ్ళ అభిమానం చూరగొన్నది. గట్టిగా పట్టుతుంది గాని పళ్ళేలు అరుగుతాయి, ప్రత్యేకమైన నూనె కావాలి, మధ్యమధ్య విప్పి కూర్చాలి. నాలుగవది టార్సెన్ అనే పళ్ళచక్రాల రకం. వెర్నన్ గ్లీస్‌మన్ అనే అమెరికా దేశస్థుడు కనిపెట్టినది. బలాన్ని పసిగట్టేదని అర్థం వచ్చే రెండు ఇంగ్లీషు మాటల ముక్కలు అతికించి దానికి ఆ పేరు పెట్టారు. ఇందులో పళ్ళ ఒరిపిడే పని చేస్తుంది. బలహీనమైన చక్రం మోయగలిగినదానికి ఇన్ని రెట్లని రెండవదానికి అందిస్తుంది. ఒకటికి రెండున్నర అనుకుంటే, ఇటు 20 ఉన్నప్పుడు అటు 50. మొత్తం 70. అయితే ఒక చక్రం పూర్తిగా గాలిలోకి లేస్తే, సున్నాకు ఎన్ని రెట్లయినా సున్నాయే.

అబ్బాయి మనసు మూడవదాని మీద ఉంది. మామూ మూడు ప్రశ్నలు వేశాడు. వారంలో ఎన్ని రోజులు పోటీ, ఎన్ని రోజులు ఆఫీసు? మంచు పడుతుందా? దాన్ని నువ్వే విప్పి బిగించుకుంటావా, కూలి ఇచ్చి చేయిస్తావా? ఆరు రోజులు ఆఫీసు, చలికాలంలో మంచు, చేసేది కూలికే.

“అయితే విను. మామూలు డిఫరెన్సులో ఒక చక్రం సుడి తిరిగినా, రెండవది నేలను పట్టుకొని తోకను కాస్తుంది. నువ్వు రెంటినీ కలిపి కట్టావంటే, జారేది రెండూ కలిసే జారతాయి. మంచులో పళ్ళేల రకం నీకు శత్రువు. పళ్ళచక్రాలది మెతక, అదే నీకు సరి. దానితోనూ మంచులో మెల్లగానే పో. మొదట మాత్రం టైర్లు.”

ఈ చివరి మాట దగ్గరనే నాకు కళ్ళు తెరుచుకున్నాయి. డిఫరెన్షియల్ ఎంత ఖరీదైనదైనా నేలమీద పట్టును పుట్టించదు. ఉన్న పట్టును పంచుతుంది, అంతే. పట్టు టైరుది. అది లేనిచోట పంపకం ఎంత తెలివిగా జరిగినా ప్రయోజనం లేదు. నేను “మితమైన జారుడు” అన్నప్పుడు మామూ ఎందుకు నవ్వాడో కూడా అప్పుడే తెలిసింది. ఆ యంత్రం పని వాటాలు మార్చడం. నిఘంటువులో నుంచి వచ్చినవాడు జారుడును చూశాడు, గనిదారిలో నుంచి వచ్చినవాడు వాటాను చూశాడు.

తరువాత తండ్రీకొడుకులు నన్ను మరచిపోయి గంటన్నర మాట్లాడుకున్నారు. 1990 కారుకు చిన్న ఇంజను, చిన్న డిఫరెన్షియల్. 1994 నుంచి వచ్చిన పెద్ద ఇంజను కార్లలో డిఫరెన్షియల్ కూడా పెద్దది, వాటిలో కొన్నింటికి టార్సెన్ ఉంది. అది వేయాలంటే యాక్సిల్ రాడ్లు, ప్రొపెల్లర్ షాఫ్టు కూడా దానికి తగినవి చూసుకోవాలి. అబ్బాయి పళ్ళ నిష్పత్తులు చదివాడు: పాతది 4.3, కొత్తది 4.1. మామూ వెంటనే, “అట్లయితే మీటరు తక్కువ చూపిస్తుంది. అరవై అంటే అరవై మూడు అనుకో. పోలీసులతో జాగ్రత్త” అన్నాడు. అబ్బాయి లెక్కకట్టి చూసి, తల ఊపాడు. ఇంజనీరింగు చదివిన కొడుకు కాగితం మీద చేసిన లెక్కను తండ్రి నోటితోనే తేల్చడం ఆ తెరమీద అతడు మొదటిసారి చూశాడు.

ఫోను పెట్టేముందు అతడే అన్నాడు: “నాన్నా, అప్పు ఉండగా కారు కొన్నాను.”

మామూ కొంతసేపు మాట్లాడలేదు. “నెలనెలా కట్టేది కట్టు. మిగిలిన దానితో ముందు టైర్లు. డిఫరెన్సుకు తొందర లేదు, ఎండలు వచ్చినాక చూద్దాం” అన్నాడు.

అలాగే జరిగింది. డిసెంబరులో నాలుగు టైర్లు మారాయి. వానలో కారు మళ్ళీ తిరగలేదు. అప్పు కంతులు తప్పలేదు. ఏప్రిల్‌లో, పాత కార్లు విప్పి సామాను అమ్మేచోట టార్సెన్ దొరికింది. ఇప్పుడు పోటీలలో లోపలి చక్రం వృథాగా తిరగడం తగ్గిందని చెప్పాడు. అతడు మొదటి బహుమతులేమీ తేలేదు. ఆదివారం రాత్రులలో మాత్రం తండ్రికి ఫోను చేస్తున్నాడు.

విద్యార్థి మిత్రులారా, మీలో చాలామంది తండ్రులు పలకలు కోసేవారు, బండ్లు నడిపేవారు, కొట్లు పెట్టుకున్నవారు. రేపు మీరు వారికి తెలియని పేర్లు నేర్చుకొని ఇంటికి వస్తారు. పేరు నేర్చినంత మాత్రాన పని తెలిసినట్లు కాదని, ముప్పై అయిదేండ్లు దాటినాక నేను ఒక రేకుల కొట్టులో నేర్చుకున్నాను. ఏదైనా ఎంచుకోవలసి వచ్చినప్పుడు వారిని కూడా ఒక మాట అడగండి.

కారునుంచి విప్పిన పాత డిఫరెన్షియల్‌ను పాత ఇనుము వాడికి వేద్దామనుకున్నాడట మా తమ్ముడు. ఆ సంగతి చెప్పగానే మామూ కంగారుపడి నాకు కబురు పంపాడు: “పారేయొద్దని చెప్పు. బాగున్న సామాను. ఎవరికో ఒకరికి పనికొస్తుంది.”