280 రోడ్డు కింద ఎలక్ట్రాన్లు

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి శాన్‌హోసే వైపు 280 రోడ్డు మీద వెళ్తుంటే, మెన్లో పార్కు దగ్గర ఒక సన్నటి పొడవాటి కట్టడాన్ని పైనుంచి దాటిపోతాం. బే ఏరియాలో ఉండే మన సాఫ్ట్‌వేర్ వాళ్లు రోజూ దాటుతూనే ఉంటారు. తల తిప్పి చూసేవాళ్లు తక్కువ. మా అల్లుడూ అంతే. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన నాకు మాత్రం అమెరికాలో ముందు చూడాలనిపించింది అదే, స్లాక్ అనే కణ త్వరణ ప్రయోగశాల. నయాగరా ఎక్కడికీ పోదు, తర్వాత చూద్దామన్నాను.

పేర్లు నమోదు చేసుకుని వెళ్లిన మమ్మల్ని క్లైస్ట్రాన్ గ్యాలరీ చూపించడానికి తీసుకెళ్లారు. నిలబడి చూస్తే రెండు గోడలూ దూరంగా పోయి ఒక చుక్కలో కలిసిపోతాయి. 1962లో పనులు మొదలై 1966లో ఎలక్ట్రాన్ల బీమ్ నడిచిన ఈ యంత్రం పొడవు 3.2 కిలోమీటర్లు. మనిషెత్తు క్లైస్ట్రాన్లు ఒక్కొక్కటి 60 మెగావాట్లకు పైగా మైక్రోవేవ్ శక్తిని కొన్ని మైక్రోసెకన్ల పాటు పుట్టించి కిందికి పంపుతాయి. కింద, దాదాపు 7.5 మీటర్ల లోతున సొరంగం. అందులో రాగి గొట్టం, దాని లోపల ఎలక్ట్రాన్లు. బీమ్ నడిచేటప్పుడు సొరంగంలోకి ఎవరికీ ప్రవేశం లేదు.

"మామయ్యగారూ, కనపడని దాని కోసమా ఇంత దూరం వచ్చాం?" అన్నాడు అల్లుడు.

బీమ్ అక్కడి శాస్త్రవేత్తలకూ కనపడదు. మాకు చూపించిన శాస్త్రవేత్త దగ్గర నేను ఎక్కువసేపు అడిగిందీ దాని గురించే. క్వార్కుల ఉనికి ఇక్కడే బయటపడింది, 1990లో నోబెల్ వచ్చింది. అదంతా పుస్తకాల్లో ఉంది. క్లాసులో మేం చెప్పేది ఎలక్ట్రాన్‌కు వేగం ఎలా ఇవ్వాలన్నదే. ఇచ్చాక అది ఎక్కడుంది, ఏ ఆకారంలో ఉంది అన్నది మేం ఎప్పుడూ చెప్పలేదు, సిలబస్‌లో లేదు.

1966లో పొడవంతా బీమ్ నడిపినప్పుడే చిక్కు వచ్చిపడింది. కరెంటు పెంచితే ప్రతి పల్సుకూ వెనక భాగం తెగిపోయేది. ముందు వెళ్లిన ఎలక్ట్రాన్లు రాగి గొట్టంలోని గదుల్లో రేపిన కంపనం వెనక వచ్చేవాటిని పక్కకు తన్నేది. దారంతా బీమ్‌ను చెదరకుండా పట్టి ఉంచే అయస్కాంతాల బలం పెంచారు. కొన్ని గదులకు చిన్న సొట్టలు పెట్టి వాటి శ్రుతి మార్చారు. అంత పెద్ద యంత్రానికి సొట్టలతో వైద్యం!

డిజైన్ చేసేవాళ్ల తొలి బెంగ ఎమిటెన్స్. బీమ్ ఎంత వెడల్పుగా ఉంది, అందులోని ఎలక్ట్రాన్లు ఎంత పక్కచూపులు చూస్తున్నాయి, ఈ రెండూ కలిపిన లెక్క అది. అయస్కాంతాలతో సన్నగా నొక్కితే పక్కచూపులు పెరుగుతాయి, వాటిని సరిచేస్తే వెడల్పు పెరుగుతుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదన్నట్టు, ఎలక్ట్రాన్లు పుట్టే తుపాకీ దగ్గర పాడైన బీమ్ దారిలో బాగుపడదు. అందుకే అతినీల లోహిత లేజరు రాగి పలకను తాకి ఎలక్ట్రాన్లను లేపే ఆ మొదటి జానెడు చోటు మీద అంత శ్రమ.

బీమ్‌ను పరీక్షించే పరికరాల్లో సాధువు బీమ్ పొజిషన్ మానిటర్. గొట్టం చుట్టూ నాలుగు పలకలు. బీమ్ ఎటు జరిగితే అటువైపు సంకేతం బలపడుతుంది. ఆకారం తెలియాలంటే అడ్డంగా తెర పెట్టాలి, కానీ 2007లో ఆ తెర అబద్ధం చెప్పింది. ఎలక్ట్రాన్ల గుంపును బాగా నొక్కాక అవి విడివిడిగా కాక కలిసికట్టుగా వెలిగాయి. కాంతి విపరీతంగా వచ్చింది, బొమ్మలో బీమ్ అసలు రూపం లేదు. వెంట్రుక కన్నా సన్నని తీగను బీమ్‌కు అడ్డంగా జరుపుతూ, చెదిరిన కణాలను లెక్కపెట్టే పాత పద్ధతికే మళ్లారు.

నాకు బాగా నచ్చింది లోలా. 1960ల్లో దాన్ని తయారుచేసిన ముగ్గురి ఇంటిపేర్ల అక్షరాలు కలిపి పెట్టిన పేరు. రకరకాల కణాలను వేరుచేయడానికి చేసిన ఆ గొట్టం, గుంపు తలను ఒక పక్కకూ తోకను మరో పక్కకూ నెడుతుంది. అప్పుడు తెర మీద కనిపించే పొడవే కాలం అవుతుంది. దశాబ్దాల తర్వాత అలాంటి గొట్టమే గుంపు పొడవును కొలిచే సాధనమైంది. వాటిలో ఒకటి జర్మనీలోని డెజీకి కూడా వెళ్లింది.

2009 ఏప్రిల్‌లో ఇక్కడ ఎక్స్‌-రే లేజరు వెలగడానికి ముందు, ఎక్స్‌-రేలను పుట్టించే అయస్కాంతాలైన అండ్యులేటర్ల 100 మీటర్లు దాటిన వరుసలో బీమ్ మైక్రాన్ల తేడాతో తిన్నగా పోవాల్సి వచ్చింది. సర్వే పరికరాలకు అంత చూపు లేదు. బీమ్ శక్తిని మార్చి మార్చి పంపారు. శక్తి మారినప్పుడు దారి కూడా మారితే, ఏదో అయస్కాంతం పక్కకు ఉన్నట్టు. కొలవాల్సిన బీమ్‌నే కొలబద్ద చేశారు. నన్నడిగితే అక్కడ చూసినవాటన్నిటిలో తెలివైన పని ఇదే.

తొలి కిలోమీటరులో రాగి పోయి, 2 కెల్విన్ చలిలో ఉండే నయోబియం గదులు 2023 నుంచి పనిచేస్తున్నాయి. రాగి యంత్రం సెకనుకు 120 పల్సులిస్తే, ఇది పది లక్షల దాకా ఇవ్వగలదు. ఆ జోరులో అడ్డం పెడితే తెర మిగలదు.

బే ఏరియాలో పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మాట. షాపింగ్ మాళ్లు మానుకుని ఒక పూట ఇక్కడికి వెళ్లండి. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. ఇంటర్ చదివే మనవలుంటే వెంట తీసుకెళ్లండి, ఎంట్రన్స్ పరీక్షల్లో రాని ప్రశ్నలు అక్కడ వినవచ్చు.