లంబసింగి దారిలో... వెనకచూపు!

మంచు చూడాలంటే కాశ్మీరుదాకా ఎందుకు, లంబసింగి ఉందిగా... అంటుంటారు మనవాళ్లు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉందీ ఊరు. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని తెల్లవారుజాముల్లో ఇక్కడి చలి సున్నా డిగ్రీలకు దగ్గరగా వెళ్తుంది. స్థానికులు దీన్ని కొర్రబయలు అనీ పిలుస్తారు. రాత్రి ఆరుబయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు.

వచ్చేవాళ్లందరి కోరికా ఒకటే... పొగమంచును కళ్లారా చూడాలి. కానీ ఆ ముచ్చట తీరాలంటే ముందు అదే మంచులోంచి కారు నడపాలి!

నర్సీపట్నం నుంచి లంబసింగికి సుమారు 30 కిలోమీటర్లు. డౌనూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. మలుపు మలుపుకీ అడవి చిక్కబడుతుంది, మంచు రోడ్డుమీదికి దిగుతుంది. ఎదురుగా బస్సు వస్తే కారు పక్కకు తీయాలి. కొన్నిచోట్ల నాలుగడుగులు వెనక్కీ వెళ్లాలి. అప్పుడు గుర్తొస్తుంది వెనకద్దం. వెనక లోయ ఉందో, జీపు ఉందో చెప్పాల్సింది అదే కదా!

అద్దానికి చెమట

బయటి మంచును మనమేం చేయలేం. అద్దానికి లోపల పట్టేది మాత్రం మన ఊపిరే. ఐదుగురు కూర్చుని తలుపులు బిగించుకుంటే, వాళ్ల ఊపిరిలోని తేమంతా చల్లటి అద్దానికి తగిలి సన్నటి నీటిబిందువులుగా మారుతుంది. ముందద్దానికి ఫరవాలేదు. ఏసీ వేసి గాలిని అటు తిప్పితే తేమ పోతుంది. ఆ గాలి వెనకదాకా సరిగా చేరదు. అందుకే కొన్ని కార్లలో వెనకద్దం మీద అడ్డంగా గోధుమరంగు గీతలు ఉంటాయి. ఇవేవో డిజైను అనుకునేవాళ్లూ లేకపోలేదు. నిజానికవి విద్యుత్తు పారే దారులు. వెండి కలిసిన ముద్దతో గీతలు గీసి, అద్దంతోపాటు కొలిమిలో కాల్చి తయారుచేస్తారు. స్విచ్ నొక్కితే గీతలు వేడెక్కి తేమను ఆరబెడతాయి. దీన్నే డీఫాగర్ అంటారు. మంచు గడ్డకట్టే దేశాల్లో దీని పేరు డీఫ్రాస్టర్.

మేం వెళ్లింది మా బావగారి 2005 మోడల్ కారులో. ఘాట్‌లో స్విచ్ వేస్తే వెనకద్దం పైనా కిందా తేటపడింది. సరిగ్గా నడుమ, రెండు గీతల మేర మాత్రం మసక అలాగే ఉండిపోయింది. వెనకొచ్చే బండి దీపాలు కనిపించాల్సింది అక్కడే! అక్క వెనక్కి తిరిగి తువ్వాలుతో తుడుస్తుంటే, బావగారు కిటికీ దించి తల బయటపెట్టి వెనక్కి చూస్తుంటే... పిల్లలిద్దరూ చప్పుడు చేయకుండా కూర్చున్నారు. కొండమీద స్ట్రాబెర్రీలు తిన్నామే కానీ, దిగడమెలా అన్న బెంగ అందరి మనసులోనూ ఉంది. ఎండెక్కి మంచు విడేదాకా ఆగి కిందికి దిగాం.

సెల్ఫ్-డైనమో షాపులో

అద్దం మార్చడమే దారి, వేలల్లో అవుతుంది అన్నారు ఫోన్‌లో తెలిసినవాళ్లు. నర్సీపట్నంలోని ఒక చిన్న సెల్ఫ్-డైనమో షాపు పెద్దాయన మాత్రం అద్దం వంక ఒక్కసారి చూసి, ‘‘అద్దానికేటయిందండీ, బంగారంలా ఉంది. గీత తెగిందంతే’’ అన్నాడు.

అన్ని గీతలూ పనిచేయకపోతే ముందు ఫ్యూజు, రిలే చూడాలట. తర్వాత అద్దం అంచున తీగను కలిపే చిన్న రేకు ఊడిందేమో, డిక్కీ మడతల దగ్గర తీగ నలిగిందేమో చూడాలి. ఒకట్రెండు గీతలే చల్లగా ఉంటే అవి ఎక్కడో తెగినట్టు. ఎక్కడన్నది మల్టీమీటర్ చెబుతుంది. నల్లతీగను ఎర్త్ వైపు అంచున ఆనించి, ఎర్రతీగను గీత వెంట మెల్లగా జరపాలి. గీత గీసుకుపోకుండా ఎర్రతీగ మొనకు వెండికాగితం చుట్టాడాయన. బాగున్న గీతలో వోల్టేజీ 12 నుంచి క్రమంగా తగ్గుతూ నడుమకొచ్చేసరికి 6 చూపిస్తుంది. తెగిన గీతలో అలా కాదు. 12 దగ్గరే నిలబడి, తెగినచోటు దాటగానే ఒక్కసారిగా సున్నాకు పడిపోతుంది.

మా కారులో ఆ చోటు ఆవగింజంత! దాని కథ పాతదే. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు కారు అద్దాల నల్లఫిల్ముల మీద తీర్పు ఇచ్చాక ఊరూరా వాటిని పీకించేశారు. బావగారి కారు ఫిల్మునూ అప్పుడే ఎవరో బ్లేడుతో గీకారు. ఫిల్ముతోపాటు గీతా లేచిపోయింది.

పెద్దాయన ఆ చోటును స్పిరిట్‌తో తుడిచాడు. గీత మందమే ఖాళీ మిగిలేలా పైనా కిందా టేపు అంటించాడు. విద్యుత్తును పారించే వెండి పెయింటును సన్నటి కుంచెతో, అటూ ఇటూ బాగున్న గీత మీదికి కాస్త ఎక్కేలా మూడుసార్లు పూశాడు. పూర్తిగా ఆరకముందే టేపు లాగేశాడు. ‘‘రేపటిదాకా స్విచ్ వేయకండి, గుడ్డ తగలనివ్వకండి’’ అన్నాడు. పెయింటు సీసా ఖరీదు వందల్లోనే. ఆ రాత్రీ మరునాడూ నర్సీపట్నంలోనే ఉండిపోయాం. మూడోరోజు తెల్లవారుజామున మళ్లీ ఘాట్ ఎక్కితే, అయిదారు నిమిషాల్లో ఆ రెండు చారలూ తేటపడ్డాయి. వెనక వస్తున్న జీపు దీపాలు చూసి పిల్లలు లెక్కపెట్టడం మొదలెట్టారు.

వెళ్లేముందు...

పాతకారులో కొండెక్కాలనుకుంటే ఒక సాయంత్రం ఇంటిదగ్గరే పరీక్ష చేసుకోండి. అద్దాలు మూసి వెనకద్దం మీద నోటితో ఆవిరి పట్టించి, ఇంజను నడుస్తుండగా స్విచ్ వేయండి. ఏ గీత దగ్గర మసక విడలేదో అదే రోగి! లోపలివైపు తుడిచేటప్పుడు గుడ్డను గీతల వెంటే అడ్డంగా జరపాలి, నిలువుగా కాదు. స్టిక్కర్లను బ్లేడుతో గీకవద్దు. వెనకసీటు పైన పెట్టిన సామాను అద్దానికి రాసుకోకుండా చూడండి. డీఫాగర్ బ్యాటరీని బాగా వాడుకుంటుంది కాబట్టి అద్దం తేటపడగానే ఆపేయండి.

లంబసింగి విశాఖపట్నం నుంచి వంద కిలోమీటర్లు పైమాటే. రైల్లో వచ్చేవాళ్లు తుని, నర్సీపట్నం రోడ్ లేదా అనకాపల్లి స్టేషన్లలో దిగొచ్చు. చూడ్డానికి తాజంగి జలాశయం, చెరువులవేనం కొండ, కాఫీ తోటలు ఉన్నాయి. ఇంకాస్త ముందుకెళ్తే చింతపల్లి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు ఆయుధాల కోసం తొలిదాడి చేసిన పోలీస్ స్టేషన్ ఆ ఊరిదే. పిల్లలకు తప్పక చెప్పాల్సిన కథ!