ఎర్త్ తీగ నేర్పిన పాఠం

1996లో ఫరీదాబాద్‌లోని మా సంస్థ కాలనీలో వాహనాల బాధ్యత నాది. ఇళ్లకు నీళ్లు తెచ్చే ఫార్గో లారీ మా షెడ్డులో అందరికంటే సీనియర్. బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారుచేసిన బండి అది.

దీపావళికి ముందు ట్యాంకు దించి, చట్రంతో సహా కొత్త రంగు వేయించాము. ఆ తరువాత ట్యాంకు నింపించినా డీజిల్ మీటరు ముల్లు సగం దాటలేదు. నా అనుమానం డ్రైవరు మీదికి పోయింది. సంజాయిషీ కోరుతూ మెమో ఇచ్చాను.

పదవీ విరమణకు ఆరు నెలలున్న ఆ పెద్దాయన కాగితం చదివి, "సాబ్, ముల్లు మాట విన్నారు. నా మాట వినరా?" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ట్యాంకులో కర్ర ముంచి చూస్తే డీజిల్ నిండుగా ఉంది.

ట్యాంకులోని బెండు పైకీ కిందికీ కదిలినప్పుడు నిరోధం మారుతుంది. ఆ కరెంటు చట్రం గుండా బ్యాటరీకి తిరిగి చేరాలి. మేము ఎర్త్ తీగను కొత్త రంగు మీదనే బిగించాము. రంగు అడ్డుపడి నిరోధం పెరిగింది; ఆ మీటరులో నిరోధం పెరిగితే ముల్లు దిగుతుంది. ఉప్పు కాగితంతో రంగు గీకి, లోహం మెరిశాక తీగ బిగించగానే ముల్లు చివరిదాకా లేచింది.

మెమో వెనక్కి తీసుకొని, షెడ్డులో అందరి ఎదుట క్షమాపణ కోరాను. ఆయన ఏమీ అనక టీ తెప్పించాడు.

మీటరు తప్పు చూపితే ముందు ఎర్త్ చూడమని కొత్త ఇంజనీర్లకు నేటికీ చెబుతుంటాను. మెమో వ్రాసే ముందు కర్ర ముంచి చూడమని కూడా.