అబద్ధం, అమెండ్

లాటిన్‌లో అబద్ధాన్ని ‘మెండాకియుమ్’ అంటారు. అబద్ధాలకోరు ‘మెండాక్స్’. వీటి వెనకున్న ‘మెండుమ్’కి అర్థం లోపం, ముఖ్యంగా రాతలో దొర్లే తప్పు. బిచ్చగాడికి వాడిన ‘మెండికుస్’దీ అదే కుదురు, మొదట ఒంట్లో లోపం ఉన్నవాడని. ఆ తప్పుని తీసెయ్యడం ‘ఎమెండారే’. ఇంగ్లీషు అమెండ్, మెండ్ అక్కణ్నుంచే వచ్చాయి. అబద్ధమూ దిద్దుబాటూ ఒకే ఇంటి పిల్లలన్నమాట.

మన ‘అబద్ధం’ దారి వేరు. సంస్కృతంలో బద్ధం అంటే కట్టింది. అబద్ధం అంటే కట్టు లేనిది, పొంతన లేని మాట. ‘నిజం’ అంటే తనది, సొంతం. ‘కల్ల’కి తమిళ, కన్నడాల్లో ఉన్న చుట్టాలు దొంగలు.

ఇవన్నీ నిఘంటువుల్లో వెతుక్కునేంత తీరిక నాకు ఉద్యోగం పోయాక దొరికింది. నాన్నకి చెప్పలేదు. రోజూ బ్యాగు తగిలించుకుని, సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం వెళ్ళి, ఏదో ఒక కాఫీ షాపులో సాయంత్రం దాకా కూర్చునేవాణ్ని. ఆరు వారాలు.

మా పనిలో అమెండ్ అంటే ఒక గిట్ కమాండ్. చివరి కమిట్‌లో తప్పుంటే దిద్దుతుంది. చివరిదాన్నే. అది అప్పటికే ఇంకొకరికి చేరిపోయి ఉంటే, నా దగ్గర దిద్దినంత మాత్రాన వాళ్ళ ప్రతి మారదు. తాటాకుల కాలంలోనూ ఇదే గొడవ: ఒక రాయసగాడి తప్పు, అది చూసి రాసుకున్న ప్రతులన్నిట్లోకీ పాకేది. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించే ముందు బ్రౌన్ ఎన్నో ప్రతులు పోగేసి పోల్చి చూడాల్సి వచ్చింది. నాన్న దగ్గరున్నది ఒక్కటే ప్రతి. నేనిచ్చింది.

ఒక ఆదివారం చెప్పేశాను. “నాన్నా, జాబ్ పోయింది.” ఒక్క వాక్యం. దిద్దేశాననుకున్నాను.

“మరి రోజూ యాడికి పోయినవ్‌రా?” అన్నాడు. కాసేపాగి, “మొన్న జీతం పడ్డదంటివి గద?” ఆ తర్వాత, “అమ్మ కట్టిన డబ్బా యాడ తిన్నవ్?”

కట్టు లేని మాట కూలకుండా రోజుకో మాటతో కట్టుకుంటూ వచ్చాను. ఆ ముడులన్నీ ఒక్కొక్కటే విప్పుకుంటూ ఆరు వారాలూ వెనక్కి నడిచాం. చివరికి అడిగాడు:

“నాకు చెప్తే ఏమైతుండె?”

దీనికి మాత్రం ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.