తుపాకి దింపినవారి చేను

1800లో నిజాం వదులుకున్న దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన మన్రో, కోటలూ సాయుధ బలగాలూ గల స్థానిక ప్రభువులైన పాలెగాళ్లను అణచి, లొంగినవారిలో కొందరికి భరణాలు ఏర్పరచాడు. ఊరికావలికి ప్రతిఫలంగా స్వల్ప పన్నుపై మాన్యాలు దున్నుకునే బంట్రోతులైన కట్టుబడులకు ఆ చెలకలే కూడు పెట్టేవి గనుక, తరువాతి ప్రభుత్వం వాటిని లాక్కోసాగినప్పుడు వారు 1846లో పాలెగాళ్ల వంశస్థుడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట ఆయుధాలు పట్టడం ఏమాత్రం ఆశ్చర్యం కాదు. నేడూ చేను కోసమే తుపాకి పట్టే రైతులున్నారు; కానీ అమలులో ఉన్న 1959 ఆయుధాల చట్టం లైసెన్సు లేని తుపాకికి జైలుశిక్ష చెబుతున్నది. అడవిపందుల నుంచి వేరుశనగ చేనును కాచుకోవడానికి నాటు తుపాకి దాచుకున్న రైతు దానిని స్వచ్ఛందంగా అప్పగిస్తే, కేసు లేకుండా చేను చుట్టూ కంచె వేయించి ఇవ్వడం ప్రభుత్వం తక్షణం చేయదగిన పని.