చేతికందే రోజు

శుక్రవారం పదకొండు గంటలకి నా షేర్లు కొన్ని అమ్మాను. మరుక్షణం తెరమీద లక్షా ఎనభై వేలు కనిపించాయి. ‘తీసుకోగల మొత్తం’ అన్న చోట మాత్రం సున్నా!

విజయవాడలో మా చెల్లెలు కూతుర్ని వెంటబెట్టుకుని భర్త ఇంట్లోంచి వచ్చేసింది. ఆదివారంలోగా అడ్వాన్సు ఇవ్వకపోతే ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేస్తానన్నాడు అద్దెయింటి యజమాని. “అక్కా, నీ దగ్గర ఉంటుందా?” అంది. ఉంది. ఇరవై రెండేళ్ళుగా కాలేజీలో పాఠాలు చెప్తూ, జీతంలో మిగిల్చి కొన్న షేర్లు. నా పేరు మీదే ఉన్నాయి. ఇంకేం కావాలి?

చాలా కావాలని ఆ వారం తెలిసింది.

లెక్క ఇదీ. షేరు అమ్మిన రోజుని ‘టి’ అంటారు. ఆ రోజు కుదిరేది బేరమే. కొన్నవాళ్ళ డబ్బూ అమ్మినవాళ్ళ షేర్లూ చేతులు మారేది మర్నాడు, అదీ పనిదినమైతే. 2003 ఏప్రిల్ నుంచి దీనికి రెండు రోజులు పట్టేది. 2022 ఫిబ్రవరిలో మొదలుపెట్టి, 2023 జనవరి 27 నాటికి అన్ని షేర్లకీ ఒక్క రోజు చేశారు. (అమెరికా ఈ పని 2024 మేలో గానీ చేయలేదు.) శనాదివారాలు లెక్కలోకి రావు. కాబట్టి నా అమ్మకం తెగేది సోమవారం. ఆ తర్వాత డబ్బు పంపమని బ్రోకరుని కోరితే, ఖాతాకి జతచేసిన బ్యాంకులో పడేసరికి మంగళవారం.

ఈలోగా ఆ డబ్బుతో ఇంకో షేరు కొనుక్కోవచ్చట! చాలామంది బ్రోకర్లు అందుకు అదే రోజు ఒప్పుకుంటారు. అంటే డబ్బు ఇంట్లోనే తిరుగుతానంటే అభ్యంతరం లేదు, గడప దాటుతానంటేనే ఆగమంటారు. ఎక్కడో విన్నట్టు లేదూ?

అయినా ఆ ఒక్క రోజుని నేను తప్పుపట్టను. అవతలివాళ్ళ డబ్బు రాకుండా నాకెలా ఇస్తారు? అసలు నేను అమ్మాలనుకున్నది బుధవారం. అప్పుడే అమ్మి ఉంటే శుక్రవారానికల్లా డబ్బు చేతిలో ఉండేది. కానీ డీమాట్ ఖాతాలోంచి షేర్లు కదలాలంటే డిపాజిటరీ పంపే ఓటీపీ కావాలి. అది వెళ్ళేది ఖాతాలో నమోదైన ఫోనుకి. అంటే మా ఆయన ఫోనుకి. “నీకెందుకీ తలనొప్పి, నేను చూసుకుంటాగా” అని అప్పట్లో ఫారాలన్నీ ఆయనే నింపారు. సంతకం చేయాల్సిన చోటల్లా పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి మరీ ఇచ్చారు. చేశాను. ఆడపిల్లలకి ఆర్థిక స్వాతంత్ర్యం గురించి పాఠం చెప్పి వచ్చిన రోజే అయ్యుండొచ్చు!

“ఇప్పుడెందుకు అమ్మడం? మార్కెట్ పెరుగుతోంది” అన్నారు. చెల్లెలి సంగతి చెప్పాను. “సర్దుకుపొమ్మని చెప్పాల్సిందానివి, నువ్వే ఎగదోస్తావా?” అన్నారు. కేకలేయలేదు, కుదరదనీ అనలేదు. ఫోను జేబులో పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళిపోయారు. గురువారమూ అంతే. శుక్రవారం ఏమనిపించిందో, ఆఫీసు నుంచి ఫోన్ చేసి “సరే, కానీ” అని ఆరంకెలూ చదివి వినిపించారు.

శనివారం అమ్మ ఇచ్చిన గాజులు రెండు పట్టుకుని వీధి చివర తాకట్టు కొట్టుకి వెళ్ళాను. తూకం, చీటీ, సంతకం. అరగంటలో డబ్బు. ఆదివారం చెల్లెలు తాళంచెవి తీసుకుంది.

మంగళవారం షేర్ల డబ్బు జాయింటు ఖాతాలో పడింది. పడినట్టు మెసేజీ కూడా ఆయనకే వచ్చింది.

ఆ సాయంత్రమే బ్రోకరు ఆఫీసుకి వెళ్ళి మార్పుల ఫారం తీసుకున్నాను. బ్యాంకు దగ్గర నా ఒక్కదాని పేరున ఉన్న జీతం ఖాతా రాశాను. ఫోను నంబరు కింద ‘ఇది ఎవరిది?’ అని గళ్ళున్నాయి: స్వంతం, జీవిత భాగస్వామి, సంతానం, తల్లిదండ్రులు. పాత ఫారంలో దేనికి టిక్కు పెట్టారని అడిగాను. కౌంటరు దగ్గరి అమ్మాయి కంప్యూటర్లో చూసి చెప్పింది.

“స్వంతం అనే ఉంది మేడమ్.”